ముక్కుకు వెనుక, మెదడుకు కింద: స్ఫీనాయిడ్ సైనస్‌పై పాఠకుల సందేహాలు

చెవి, ముక్కు, గొంతు సమస్యలపై పాఠకులు పంపే ప్రశ్నలకు కర్నూలులో పనిచేస్తున్న ఈఎన్‌టీ శస్త్రవైద్యులు ఈ శీర్షికలో జవాబులు ఇస్తారు. ఈసారి ఆదోని నుంచి వచ్చిన ఒక పెద్ద ఉత్తరం స్ఫీనాయిడ్ సైనస్ గురించి కావడం, మరికొన్ని ఉత్తరాలు కూడా ఏదో ఒక దారిన ఆ సైనస్ దగ్గరికే చేరడం వల్ల వాటిని ఒకచోట ఇస్తున్నాము. ఉత్తరాలను కుదించాము. పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 48 ఏళ్లు. జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాను. ఉగాది వెళ్లినప్పటి నుంచి నడినెత్తిన, కుడి కంటి వెనుక లోపలెక్కడో నొప్పిగా ఉంటోంది. తెల్లవారుజామున నొప్పికే మెలకువ వస్తోంది. ముక్కు దిబ్బడ లేదు, చీమిడి లేదు. మొదట కళ్లద్దాలు మార్చారు, బీపీ చూశారు, తర్వాత మైగ్రేన్ అని మాత్రలు ఇచ్చారు. చివరకు సీటీ స్కాన్ తీస్తే కుడి స్ఫీనాయిడ్ సైనస్ పూర్తిగా నిండి ఉందని, లోపల తెల్లని చుక్కలు ఉన్నాయని, ఫంగస్ కావచ్చని రాశారు. ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. ముక్కులో ఏ ఇబ్బందీ లేనప్పుడు అది సైనస్ జబ్బు ఎలా అవుతుంది? పత్తి ధూళి వల్ల వచ్చిందా? మందులతో తగ్గదా? ఫిల్ము ఫొటోలు జతపరిచాను. — ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: మీ అనుమానం సహజమైనదే. సైనస్ అనగానే మనకు గుర్తొచ్చేవి బుగ్గల వెనుక, నుదుటి వెనుక ఉండేవి. వాటిలో చీము చేరితే బుగ్గ బరువెక్కుతుంది, నుదురు పోటు పెడుతుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది, కాబట్టి రోగికే అనుమానం వస్తుంది. స్ఫీనాయిడ్ సైనస్ వీటికి ఎడంగా, ముక్కు రంధ్రం నుంచి వెనక్కి, కాస్త పైకి దాదాపు 7 సెంటీమీటర్లు పోతే గాని అందని చోట, పుర్రె అడుగుభాగానికి నట్టనడుమ ఉంటుంది. మిగతా సైనస్‌లన్నీ శుభ్రంగా ఉండి ఇది ఒక్కటే జబ్బుపడడం అరుదు. సైనస్ జబ్బులన్నిటిలో ఇలాంటివి నూటికి 1 నుంచి 3 వరకు ఉంటాయని వైద్య గ్రంథాలు చెబుతాయి. అరుదు కావడం, పైకి ఏమీ కనిపించకపోవడం రెండూ కలిసి మీలాంటివారు కళ్లద్దాల దుకాణం మొదలుకొని ఎన్నో గడపలు తొక్కవలసి వస్తుంది.

పుర్రె అడుగున ఉండే స్ఫీనాయిడ్ ఎముక మధ్యభాగంలో గాలితో నిండిన రెండు గదులే ఈ సైనస్‌లు. పెద్దవారిలో ఒక్కొక్కటి ఏ వైపు కొలిచినా ఇంచుమించు 2 సెంటీమీటర్లు ఉంటుంది. రెండింటి నడుమ గోడ సరిగ్గా మధ్యలో నిలబడడం తక్కువ కాబట్టి ఒక గది విశాలంగా, రెండోది ఇరుకుగా ఉండడం మామూలే. మన పాత మట్టిమిద్దెల్లో గాలికీ వెలుతురుకూ పైన ఒక్క గవాక్షి ఉన్నట్టు, ఈ గదికి కూడా ముందు గోడలో, నేలకు బాగా ఎత్తున, ఒకే ఒక్క సన్నని రంధ్రం ఉంటుంది. లోపలి పొర మీద ఉండే సీలియా అనే సన్నని నూగు ఎడతెగకుండా కదులుతూ, అక్కడ ఊరే జిగురును ఆ రంధ్రం దాకా ఎక్కించి బయటికి నెడుతుంది. పడిశం వల్లనో, పొర వాపు వల్లనో, పాలిప్ (పొర మీద పెరిగే మెత్తని కండ) అడ్డుపడడం వల్లనో ఆ రంధ్రం మూసుకుపోతే గది లోపలే అంతా నిలిచిపోతుంది. ఒకవేళ కొంత బయటికి వచ్చినా ముక్కు ముందుకు రాదు, వెనుకనుంచి గొంతులోకి జారుతుంది. అందుకే మీకు చీమిడి లేదు. తెల్లవారి లేచేసరికి గొంతులో గళ్ల చేరినట్టు ఉంటోందా అన్నది మీరు రాయలేదు, గమనించి మీ డాక్టరుకు చెప్పండి.

నొప్పి నడినెత్తికి ఎందుకు పోయిందంటే, ఈ సైనస్ పొరకు స్పర్శనిచ్చేవి ట్రైజెమినల్ నరపు శాఖలు. అవే శాఖలు కంటి గూటికీ, నుదుటికీ, బుగ్గకూ పోతాయి. నొప్పి పుట్టిన చోటును మెదడు సరిగా పోల్చుకోలేక నడినెత్తికో, కంటి వెనకకో, ఒక్కోసారి మెడ పైభాగానికో అంటగడుతుంది. నిద్రలోంచి లేపే నొప్పి, తల కదిలిస్తే ఎక్కువయ్యే నొప్పి, మామూలు నొప్పి మాత్రలకు లొంగని నొప్పి, రోజురోజుకూ తీవ్రమయ్యే నొప్పి అయినప్పుడు స్ఫీనాయిడ్‌ను గుర్తుచేసుకోవాలి. మన ప్రాంతంలో తలనొప్పి వచ్చిన ప్రతివారూ తమకు సైనస్ ఉందని చెప్పుకుంటారు. అలా చెప్పుకునేవారిలో ఎక్కువమందికి నిజానికి ఉన్నది మైగ్రేన్. మీకు జరిగింది దానికి తిరగబడ్డ కథ, మీ డాక్టర్లను పూర్తిగా తప్పుపట్టలేము.

ఈ చిన్న గది గురించి మేము ఇంత పట్టింపుగా ఉండడానికి కారణం దాని ఇరుగుపొరుగు. పైకప్పు మీద హార్మోన్లు తయారుచేసే పిట్యూటరీ గ్రంథి కూర్చుని ఉంటుంది. పై మూలన పక్కగా చూపు నరం సాగుతుంది. పక్క గోడను ఆనుకుని మెదడుకు రక్తం తీసుకుపోయే కెరోటిడ్ ధమని, దాని చుట్టూ కేవర్నస్ సైనస్ అనే సిరల గూడు, ఆ గూటిలో కంటిగుడ్డును తిప్పే మూడు నరాలు, ముఖానికి స్పర్శనిచ్చే శాఖలు ఉంటాయి. (పేరులో సైనస్ అని ఉన్నా కేవర్నస్ సైనస్‌లో ఉండేది రక్తం, గాలి కాదు.) వీటికీ మన గదికీ నడుమ ఉన్న ఎముక కొన్నిచోట్ల అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. కొద్దిమందిలో చూపు నరం మీదనో, ధమని మీదనో ఆ ఎముక కూడా లేక పొర ఒక్కటే అడ్డుగా ఉంటుంది. బుగ్గ సైనస్‌లో చీమును నాలుగు వారాలు మందులతో చూద్దామనగలిగిన డాక్టరు ఇక్కడ అంత నిదానంగా ఉండలేకపోవడం ఇందుకే.

ఇప్పుడు మీ ఫిల్ము సంగతి. అడ్డకోతల వరుసలో రెండు కంటిగుడ్లూ కనిపించే చిత్రాన్ని వెలుతురుకు పట్టి చూడండి. మీ కుడివైపు మీకు ఎడమచేతి పక్కన కనిపిస్తుంది, ఇది చాలామందిని తికమక పెడుతుంది. ఎడమ స్ఫీనాయిడ్ నల్లగా ఉంది, అంటే అందులో గాలి ఉంది. కుడిది బూడిదరంగులో అంచుదాకా నిండింది, ఆ బూడిదరంగు నడుమ సుద్దరంగు చుక్కలు, వాటి పక్కన ఒక సన్నని గీత ఉన్నాయి. కుడి గది చుట్టూ ఎముక ఎడమవైపు కన్నా మందమెక్కి తెల్లగా ఉంది. ఎముక అలా మందమెక్కాలంటే చాలా కాలం పట్టాలి కాబట్టి ఈ వ్యవహారం ఉగాదికి ఎంతో ముందే మొదలై ఉంటుంది. ఎముక ఎక్కడా కరిగిపోయినట్టు నాకు కనిపించలేదు, అది మంచి సూచన. ఫోన్‌లో ఫొటో చూసి ఇంతకు మించి చెప్పడం మాత్రం ధర్మం కాదు.

ఈ లక్షణాలకు అన్నిటికన్నా బాగా సరిపోయేది ఫంగల్ బాల్, అంటే ఫంగస్ పోగులు ముద్దగా పేరుకుపోవడం. సాధారణంగా ఇది ఆస్పర్‌జిల్లస్ జాతి ఫంగస్. నడివయసు దాటినవారిలో, అందులోనూ స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ముద్దలో కాల్షియం, ఇతర లోహపు లవణాలు చేరడం వల్ల సీటీలో తెల్లని చుక్కలు వస్తాయి. ఆస్పర్‌జిల్లస్ బీజాలు మిల్లు గాలిలోనే కాదు, మీ ఇంటి గాలిలోనూ, మా ఆసుపత్రి గాలిలోనూ ఉంటాయి, మనమందరమూ రోజూ పీలుస్తూనే ఉంటాము. కాబట్టి పత్తి ధూళినే దోషిని చేయలేము. గాలి ఆడని గదిలో బీజం చిక్కుకుని, బయటికి నెట్టే వ్యవస్థ స్తంభించినప్పుడు అది పెరుగుతుంది. ధూళికి ముక్కు పొర వాచే మాట నిజమే గనుక మాస్కు కట్టుకోవడం ఎటూ మంచిదే.

మందులతో తగ్గుతుందా అన్న ప్రశ్నకు నా జవాబు, ఇది ఫంగల్ బాలే అయితే తగ్గదు. ముద్దకు రక్తప్రసరణ ఉండదు కాబట్టి మింగిన మాత్ర దాని లోపలికి చేరదు. యాంటీబయోటిక్‌లతో పైన చేరిన చీము కొంత తగ్గి నాలుగు రోజులు సుఖంగా అనిపించవచ్చు, ఆ తర్వాత మళ్లీ మొదటికే వస్తుంది. ఎండోస్కోపుతో ముక్కులోంచే వెళ్లి, ఆ సహజమైన రంధ్రాన్ని వెడల్పు చేసి, ముద్దను పూర్తిగా తీసివేయడమే చికిత్స. లోపల సాధారణంగా ముదురు గోధుమరంగులోనో, ఆకుపచ్చ నలుపులోనో తడిమట్టిలాంటి పదార్థం ఉంటుంది. దాన్ని తీసి ఉప్పునీటితో కడుగుతాము. రోగనిరోధక శక్తి బాగున్నవారికి ఆ తర్వాత ఫంగస్ మందులు వాడవలసిన పని లేదు. పూర్తిగా తీసివేస్తే తిరిగి రావడం అరుదు. తీసిన పదార్థాన్నీ, కొద్దిగా పొరనూ తప్పనిసరిగా పరీక్షకు పంపాలి, ఎందుకంటే స్కాన్‌లో ఇలాగే కనిపించే ఇన్వర్టెడ్ పాపిలోమా వంటి గడ్డలు, అప్పుడప్పుడు క్యాన్సర్లు కూడా ఉంటాయి. ఒక్క పక్కన, ఒక్క సైనస్ మాత్రమే నిండితే సూక్ష్మదర్శిని కింద చూసేదాకా పేరు ఖాయం చేయకూడదని నా పట్టుదల.

ఆపరేషన్‌కు ముందు మీ డాక్టరును రెండు సంగతులు అడగండి. సైనస్‌లకే ప్రత్యేకంగా, సన్నని కోతలతో సీటీ తీశారా అన్నది ఒకటి. కొందరిలో రెండు కళ్ల నడుమ ఉండే ఎత్మాయిడ్ సైనస్ చివరి గది స్ఫీనాయిడ్ పైకి పాకి చూపు నరాన్ని చుట్టుకుని ఉంటుంది. హంగరీ వైద్యుడు ఓనోడి పేరుతో పిలిచే ఈ గదినీ, రెండు గదుల నడుమ గోడ వెళ్లి ధమని మీద అతుక్కుందా అన్న సంగతినీ ముందే చూసుకోకుండా లోపలికి పోకూడదు. రెండోది, ఎమ్మారై అవసరమా అన్నది. పక్క గోడ దగ్గర అనుమానం ఏమాత్రం ఉన్నా తీయించాలి. అయితే ఎమ్మారైలో ఒక మోసం ఉంది. ఎండిన ఫంగస్ ముద్ద కొన్ని చిత్రాల్లో గాలి లాగే కటిక నల్లగా పడి, సైనస్ ఖాళీగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. సీటీ పక్కన పెట్టుకుని చూసేవారే దాన్ని పట్టుకోగలరు. ధమని, చూపు నరం పక్కనే ఉన్నాయి కాబట్టి ఈ ఆపరేషన్‌లో ప్రమాదం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అలవాటున్న చేతుల్లో ఆ ప్రమాదం చాలా తక్కువ. వాయిదా వేస్తూ పోతే వచ్చే ప్రమాదం దానికన్నా ఎక్కువ.

ప్రశ్న: మా తమ్ముడి వయసు 22. పది రోజుల క్రితం పడిశం పట్టింది. నాలుగు రోజులుగా జ్వరం, కంటి వెనుక విపరీతమైన నొప్పి. నిన్నటి నుంచి ఎడమపక్కకు చూస్తే ఒకటి రెండుగా కనిపిస్తున్నాయంటున్నాడు. ఎడమ కన్ను కాస్త ఉబ్బింది. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలా, మీ దగ్గరికి రావాలా? — ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఈ ప్రశ్న వాట్సాప్‌లో అందిన రోజే ఈ సోదరుడికి ఫోన్ చేసి, తమ్ముడిని వెంటనే ఈఎన్‌టీ, కళ్లు, న్యూరో విభాగాలు మూడూ ఉన్న పెద్దాసుపత్రిలో చేర్పించమని చెప్పాము. పత్రిక అచ్చయ్యేదాకా ఆగవలసిన ప్రశ్న కాదిది. ఇతరులకు పనికొస్తుందని మాత్రమే ఇక్కడ వివరిస్తున్నాము.

కంటిగుడ్డును బయటి పక్కకు తిప్పే నరం ఆరవ కపాల నరం. కేవర్నస్ సైనస్‌లోని మిగతా నరాలు గోడలో ఒదిగి పోతే, ఇది మాత్రం రక్తం నడుమ నుంచే, ధమనిని రాసుకుంటూ సాగుతుంది, అందువల్ల స్ఫీనాయిడ్ చీము గోడ దాటిందంటే సాధారణంగా ముందు దెబ్బతినేది ఇదే. ఎడమపక్కకు చూస్తేనే రెండుగా కనిపించడానికి అర్థం ఎడమ కన్ను ఆ పక్కకు తిరగలేకపోతున్నదని. దానితో పాటు జ్వరం, కన్ను ఉబ్బడం ఉన్నాయంటే ఆ సిరల గూటిలో రక్తం గడ్డకట్టే స్థితి మొదలైందేమోనని అనుమానించాలి. రెండు పక్కల గూళ్లకూ మధ్యలో దారులున్నాయి కాబట్టి రెండో కంటికి పాకడానికి ఎక్కువ సమయం పట్టదు. అక్కడి నుంచి మెదడు పొరల వాపు, చూపు పోవడం, ప్రాణం మీదికి రావడం దాకా పోగలదు.

ఇలాంటప్పుడు కాంట్రాస్ట్‌తో (సిరలోకి రంగుమందు ఎక్కించి) సీటీ, ఎమ్మారై తీస్తారు, ఏ క్రిమో తేల్చడానికి రక్తం కల్చర్‌కు పంపుతారు, ఆ ఫలితం వచ్చేదాకా ఆగకుండా సిరలోకి యాంటీబయోటిక్‌లు మొదలుపెడతారు, చీమును ఎండోస్కోపుతో బయటికి వదులుతారు. కంటి లక్షణాలు ఏవీ లేని మామూలు స్ఫీనాయిడ్ ఇన్ఫెక్షన్‌లో కూడా ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ఒకటి రెండు రోజుల్లో గుణం కనిపించకపోతే సైనస్ తెరవాలన్నదే మా పద్ధతి. పడిశం తర్వాత తీవ్రమైన తలనొప్పితో పాటు చూపు మసకబారినా, రెప్ప వాలినా, రెండుగా కనిపించినా, బుగ్గ మొద్దుబారినా అది ఆ రోజే ఆసుపత్రికి పోవలసిన విషయం. రేపు చూద్దామనుకునే విషయం కాదు. కర్నూలు, అనంతపురం, కడపల్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి. అంబులెన్స్‌కు 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నాకు 57 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. స్ఫీనాయిడ్ సైనస్‌లో ఫంగస్ అని రిపోర్టు వచ్చింది. 2021లో మా బంధువొకరు బ్లాక్ ఫంగస్‌తో కన్ను పోగొట్టుకున్నారు. ఇది కూడా అదేనా? భయంతో నిద్ర పట్టడం లేదు. — ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఫంగస్ అన్న ఒక్క మాట కింద బొత్తిగా పొత్తులేని జబ్బులు మూడు నాలుగు ఉన్నాయి. ఆదోని సోదరికి చెప్పిన ఫంగల్ బాల్ గదిలో పడి ఉంటుంది, కణజాలంలోకి చొరబడదు. అలర్జీ వల్ల వచ్చే ఫంగల్ సైనసైటిస్‌లో పాలిప్‌లు, జిగట పదార్థం చాలా సైనస్‌లలో నిండుతాయి. మీరు భయపడుతున్న మ్యూకర్‌మైకోసిస్ వేరు. అది రక్తనాళాల గోడల్లోకి చొచ్చుకుని, రక్తం అందకుండా చేసి, కణజాలాన్ని చంపుకుంటూ పోతుంది. కరోనా రెండో దశలో, 2021 మే నెలలో, దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల్లో చేర్చమని కేంద్రం రాష్ట్రాలను కోరింది. అదుపులేని షుగర్, స్టెరాయిడ్ల వాడకం కలిసినచోట అప్పుడది విరుచుకుపడింది.

ఈ రెండింటికీ తేడా ముందుగా కాలంలో తెలుస్తుంది. ఫంగల్ బాల్ నెలలు, ఏళ్లు పెద్ద గొడవ చేయకుండా ఉంటుంది. మ్యూకర్ రోజుల లెక్కన, ఒక్కోసారి గంటల లెక్కన ముదురుతుంది. ముఖంలో ఒక పక్క నొప్పి, మొద్దుబారడం, కంటి చుట్టూ వాపు, ముక్కులోనో అంగిలి మీదనో నల్లని పెచ్చు, పళ్లు కదలడం, చూపు తగ్గడం దాని గుర్తులు. ఎండోస్కోపుతో చూసేటప్పుడు ముక్కులోని కండ పాలిపోయి, గిల్లినా రక్తం రాకుండా, నొప్పి లేకుండా ఉంటే మాకు గుండె జారుతుంది. దానికి యాంఫోటెరిసిన్ బి ఇంజెక్షన్లు, చచ్చిన కణజాలాన్ని తొలగించే ఆపరేషన్, షుగర్ అదుపు మూడూ ఒకేసారి నడవాలి.

మీ ఉత్తరంలో ఆ గుర్తులేవీ లేవు. రిపోర్టు వచ్చి మూడు వారాలైనా మీరు మీ ఉద్యోగానికి వెళుతున్నానని రాశారు, ఆ మాటే నాకు సగం ధైర్యం ఇచ్చింది. అయినా షుగర్ ఉన్న మనిషి విషయంలో మాటల మీద వదిలేయడం తగదు. ఈ వారంలోనే ఎండోస్కోపీ చేయించుకోండి, గత రెండు మూడు నెలల షుగర్ సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి, కాంట్రాస్ట్‌తో ఎమ్మారై అవసరమా అని అడగండి. షుగర్ ఉన్నవారిలో కంటిగూటి కొసన మెల్లగా పాకే మరో రకం ఫంగస్ జబ్బు కూడా ఉంది, దాన్ని కాదని తేల్చుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలు ఎవరైనా రాసిస్తే మీకు షుగర్ ఉందనీ, ఫంగస్ అనుమానం ఉందనీ చెప్పకుండా వాడకండి.

ప్రశ్న: కళ్లు తిరుగుతున్నాయని ఎమ్మారై తీస్తే మెదడు బాగుంది గాని, స్ఫీనాయిడ్ సైనస్‌లో పొర కొద్దిగా మందమెక్కిందని రాశారు. నాకు తలనొప్పి లేదు. ఆపరేషన్ అవసరమా? — ఒక ఉపాధ్యాయుడు, డోన్

జవాబు: అవసరం లేదు. వేరే కారణానికి తీసిన స్కాన్‌లలో రెండు మూడు మిల్లీమీటర్ల పొర మందం కనిపించడం చాలా మామూలు. స్కాన్‌కు ముందు వారం పడిశం ఉన్నా అలాగే కనిపిస్తుంది. మీ కళ్లు తిరగడానికి కారణం లోపలి చెవిలో వెతకాలి, దీనిలో కాదు. సైనస్ పూర్తిగా నిండి ఉన్నా, ఎముక ఉబ్బినా, కరిగినా అప్పుడు సంగతి వేరు.

ఇదే సందర్భంలో మరొకటి. ఈ సైనస్ పుట్టినప్పుడు ఉండదనే చెప్పాలి. మూడేళ్ల వయసు తర్వాత ఎముకలోకి గాలి గది పెరగడం మొదలై, ఏడేళ్లకు పిట్యూటరీ గూటి దరిదాపులకు వచ్చి, యుక్తవయసుకు పూర్తి రూపానికి వస్తుంది. కొందరిలో ఆ పెరుగుదల నడుమనే ఆగిపోయి, ఆ మేరకు ఎముకలో కొవ్వు మిగిలిపోతుంది. స్కాన్‌లో అది గడ్డలా కనిపించి కుటుంబమంతటినీ హడలెత్తిస్తుంది. దానికి సూది వేసి ముక్క తీయించుకోకముందే అనుభవమున్న రేడియాలజిస్టుకు మరోసారి చూపించడం మేలు.

ప్రశ్న: నా వయసు 43, బరువు 92 కిలోలు. రెండు నెలలుగా ముందుకు వంగినప్పుడల్లా ఎడమ ముక్కులోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ముగ్గు వేస్తుంటే నేలమీద పడతాయి. అలర్జీ అని మాత్రలు వాడాను, తగ్గలేదు. — ఒక గృహిణి, నంద్యాల

జవాబు: అమ్మా, అలర్జీ జలుబు సాధారణంగా రెండు పక్కలా కారుతుంది, తుమ్ములు, దురద తోడుగా ఉంటాయి. ఒకే పక్క నుంచి, వంగితే చాలు తేటనీరు పడుతున్నదంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. మీ ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. ఆ నీటిని శుభ్రమైన చేతిరుమాలు మీద పట్టి ఆరనివ్వండి. చీమిడి అయితే గుడ్డ బిరుసెక్కుతుంది, మెదడు ద్రవమైతే మెత్తగానే ఉంటుంది. ఇది సూచన మాత్రమే. నిర్ధారణకు ఆ నీటిని చిన్న సీసాలో పట్టి మెదడు ద్రవంలో ఉండి చీమిడిలో ఉండని బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ పరీక్షకు పంపాలి. గ్లూకోజ్ పరీక్ష చేసి తేల్చేయడం నమ్మదగ్గ పద్ధతి కాదు.

కొందరిలో స్ఫీనాయిడ్ గది పక్కకు, కణత దిక్కున లోతుగా పెరిగి ఉంటుంది. అక్కడి పలుచని పైకప్పు మీద తలలోని ఒత్తిడి ఏళ్ల తరబడి పడితే చిల్లి పడుతుంది. నడివయసులో ఉన్న, బరువెక్కువైన స్త్రీలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. తలనొప్పి, చెవిలో గుండెచప్పుడు వినిపించడం, చూపు అప్పుడప్పుడు మసకబారడం వంటివి ఉంటే తలలో ఒత్తిడి పెరిగిందని అనుమానిస్తాము. ఆ చిల్లి గుండా ముక్కులోని క్రిములు పైకి ఎక్కితే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వస్తుంది, ప్రమాదమంతా అందులోనే ఉంది. చిల్లిని ముక్కులోంచే ఎండోస్కోపుతో, తొడ నుంచి తీసిన పొరతోనో కొవ్వుతోనో, ముక్కు దూలం పొరతోనో మూస్తారు. ఒత్తిడికి వైద్యం చేయకుండా చిల్లి ఒక్కటే మూస్తే మళ్లీ కారవచ్చు కాబట్టి బరువు తగ్గడం కూడా చికిత్సలో భాగమే. అప్పటిదాకా ముక్కు గట్టిగా చీదకండి, బరువులెత్తకండి, మలబద్ధకం రానివ్వకండి. జ్వరంతో మెడ బిగుసుకుపోతే క్షణం ఆగకండి. ముగ్గు కొన్నాళ్లు మీ అమ్మాయిని వేయమనండి.

ప్రశ్న: మా అన్నయ్యకు పిట్యూటరీ గడ్డ. చూపు పక్కల నుంచి తగ్గుతోంది. తల కోయకుండా ముక్కులోంచి తీస్తామంటున్నారు. ముక్కు ద్వారా మెదడు దగ్గరికి వెళ్లడం సాధ్యమా? ముఖం మీద కుట్లు పడతాయా? — ఒక పాఠకురాలు, రాయచోటి

జవాబు: పైన చెప్పిన ఇరుగుపొరుగులో పిట్యూటరీ గ్రంథి స్ఫీనాయిడ్ పైకప్పు మీద ఉంటుందన్నాము కదా, ఆ కారణంగా జబ్బులేని స్ఫీనాయిడ్ శస్త్రవైద్యుడికి దారి అవుతుంది. 1907లో ఆస్ట్రియాలో హెర్మన్ ష్లోఫర్ ఈ దారిన మొదటి ఆపరేషన్ చేశాడు. అప్పట్లో ముక్కును పక్కకు కోసి తెరవవలసి వచ్చింది. తర్వాత అమెరికాలో హార్వే కుషింగ్ పై పెదవి లోపలి నుంచి వెళ్లే పద్ధతిని మెరుగుపరిచాడు. ఇప్పుడు ఎండోస్కోపుతో పూర్తిగా ముక్కు రంధ్రాల లోపలి నుంచే చేస్తున్నారు, ముఖం మీద గీత కూడా పడదు. ఈఎన్‌టీ, న్యూరో శస్త్రవైద్యులు ఇద్దరూ కలిసి పనిచేస్తారు. మేము స్ఫీనాయిడ్ ముందు గోడ తీసి, లోపలి అడ్డుగోడ తొలగించి దారి చేసి ఇస్తే, వారు పైకప్పులోని పలుచని ఎముకను తెరిచి గడ్డను తీస్తారు.

ఎక్కువమందిలో గాలి గది పిట్యూటరీ గూటి కింది దాకా పెరిగి ఉంటుంది కాబట్టి దారి సులువు. కొద్దిమందిలో గూటి ముందే ఆగిపోతుంది. చాలా అరుదుగా ఎముక ఏమాత్రం గుల్లకాకుండా గట్టిగా ఉంటుంది, అప్పుడు ఎముకను అరగదీసుకుంటూ పోవాలి. మీ అన్నయ్య సీటీలో ఇది ఏ రకమో ముందే తెలుస్తుంది, అడగండి. హార్మోన్ల పరీక్షలు అన్నీ అయ్యాయా అని కూడా అడగండి, ఎందుకంటే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేసే గడ్డలు చాలావరకు మాత్రలతోనే కుంచించుకుపోతాయి, వాటికి కత్తి పట్టవలసిన అవసరమే రాకపోవచ్చు. అది కాదని తేలి, చూపు తగ్గుతూ ఉంటే ఆలస్యం చేయకూడదు. చూపు నరం మీద ఒత్తిడి ఎంత తొందరగా తీస్తే చూపు తిరిగివచ్చే అవకాశం అంత ఎక్కువ.

ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు దాహం, మూత్రం విపరీతంగా పెరగవచ్చు. ఆసుపత్రిలో తాగిన నీళ్లు, పోసిన మూత్రం కొలిచి రాస్తారు, ఇంటికి వచ్చాక కూడా అలా ఉంటే వెంటనే చెప్పాలి. డాక్టరు చెప్పేదాకా ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ముక్కులోంచి తేటనీరు కారినా, గొంతులోకి ఉప్పగా దిగుతున్నట్టు అనిపించినా ఆపరేషన్ చేసినవారికి ఆ రోజే కబురు చేయండి.